రెగ్ పార్క్ 5×5 మా రేకుల షెడ్డులో: పద్నాలుగు వారాల డైరీ

రెండో వారం శుక్రవారం. నాలుగో సెట్టు అయ్యాక రాడ్డు స్టాండు మీద పెడితే కుదురుగా కూర్చోలేదు, దొర్లింది. దించి చూస్తే మధ్యలో వంగి ఉంది. రెండు చివరలకూ దారం కట్టి కొలిస్తే వంపు 17 మిల్లీమీటర్లు. ప్లేట్ల మీద అచ్చువేసిన అంకెల ప్రకారం ఆ రోజు మోసింది 60 కిలోలు. నిజానికి అంత కూడా లేదని తర్వాత తెలిసింది.

బాడీబిల్డర్ రెగ్ పార్క్ చెప్పిన 5×5 బరువుల పద్ధతిని (ఒక్కో కసరత్తూ 5 సార్ల చొప్పున 5 సెట్లు) ఇంట్లో చేస్తున్నాను. అప్పటిదాకా నోటు పుస్తకంలో సెట్ల లెక్క మాత్రమే రాసుకునేవాణ్ణి. ఆ రోజు నుంచి అన్నీ రాయడం మొదలుపెట్టాను. ఇంట్లో ఇదే పని పెట్టుకునేవాళ్లకు నేను పోగొట్టుకున్న నాలుగు వారాలైనా మిగలాలని ఇక్కడ పెడుతున్నాను.

మొదటి రోజు కొలతలు: వయసు 36, ఎత్తు 170 సెం.మీ., బరువు 67.4 కిలోలు, నడుము 86 సెం.మీ., కుడి జబ్బ బిగిస్తే 31.5, తొడ 52. ఊరు తణుకు. చోటు మా ఇంటి పక్క రేకుల షెడ్డు, 10 అడుగులకు 14. తోడు మా మేనల్లుడు, ఇంటర్ చదువుతున్నాడు.

ఈయన పద్ధతే ఎందుకు

రెగ్ పార్క్ 1928 జూన్ 7న ఇంగ్లండులోని లీడ్స్‌లో పుట్టారు. కుర్రతనంలో ఫుట్‌బాల్ ఆటగాడు, లీడ్స్ యునైటెడ్ రిజర్వు జట్టుకు ఆడారు. మోకాలి దెబ్బ ఆ దారి మూసేసింది. బరువులు ఎత్తింది ఎక్కువగా ఇంటి పెరట్లోనే, లీడ్స్ చలిలో. మధ్యలో సైన్యంలో చేరి సింగపూర్‌లో వ్యాయామ శిక్షకుడిగా పనిచేశారు. 1949లో మిస్టర్ బ్రిటన్ అయ్యారు. 1950లో లండన్ మిస్టర్ యూనివర్స్ పోటీలో అమెరికా వాడు స్టీవ్ రీవ్స్ చేతిలో ఓడి రెండో స్థానంలో నిలిచారు. మరుసటి ఏడు, 23 ఏళ్లకు, అదే బిరుదు గెలిచారు. 1958లో ఒకసారి, 1965లో ఇంకోసారి మళ్లీ గెలిచారు. మొదటి గెలుపుకీ మూడో గెలుపుకీ మధ్య 14 ఏళ్లు. నన్ను పట్టుకున్నది ఈ అంకె. ఒక్క ఏడాది మెరిసినవాళ్లు చాలామంది ఉంటారు, 14 ఏళ్లు ఒళ్లు నిలబెట్టుకున్నవాడి దగ్గర నేర్చుకోవాల్సింది ఏదో ఉంటుందనిపించింది.

1951 అంటే మనకూ గుర్తుండాల్సిన ఏడాదే. ఆ ఏడాది మిస్టర్ యూనివర్స్‌లో తన విభాగం గెలిచినవాడు బెంగాల్‌కు చెందిన మనోతోష్ రాయ్. మరుసటి ఏడు మనోహర్ ఐచ్ గెలిచారు. ఐచ్ ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. బ్రిటిష్ జైల్లో ఉండగా, పరికరాలేవీ లేకుండానే కసరత్తు సాగించిన మనిషి. ఆయన పద్ధతి కూడా ఎప్పుడైనా ప్రయత్నించాలని ఉంది, కానీ అది వేరే పని.

పార్క్ తన పద్ధతిని 1960లో ఒక చిన్న పుస్తకంలో రాశారు. మొదటి దశలో ఉన్నవి నాలుగే: బోర్లా పడుకుని నడుము లేపడం 10 చొప్పున 3 సార్లు, స్క్వాట్ (రాడ్డు భుజాల మీద పెట్టుకుని గుంజీళ్లు), బెంచ్ ప్రెస్ (బెంచీ మీద వెల్లకిలా పడుకుని రాడ్డు ఛాతీ నుంచి పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్డును నిటారుగా నిలబడేదాకా ఎత్తడం). చివరి మూడూ 5 చొప్పున 5 సెట్లు. వారానికి మూడు రోజులు, మూడు నెలలు. రాడ్డు, ప్లేట్లు, బెంచీ, స్టాండు ఉంటే చాలు. ఇంట్లో చేసుకునేవాడికి ఇంతకంటే తక్కువ సామానుతో అయ్యేది నాకు కనపడలేదు.

దశ 0: సామాను

మొదట కొన్నవి:
1. రెండు అంగుళాల చదరపు పైపుతో బెంచీ, విడివిడిగా రెండు స్టాండ్లు (వెల్డింగ్ షాపులో చేయించాను): రూ. 6,800
2. ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు నింపిన ప్లేట్లు 95 కిలోలు, 5 అడుగుల బోలు రాడ్డు: రూ. 4,200

మొత్తం: రూ. 11,000.

రాడ్డు వంగాక ప్లేట్లన్నీ మోసుకెళ్లి కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టాం. 20 అని రాసి ఉన్న రెండూ 18.6, 18.9. 10వి నాలుగు: 9.3, 9.1, 9.4, 9.2. 5వి రెండూ కలిపి 9.3. రెండున్నరలు రెండూ కలిపి 4.7. అచ్చు ప్రకారం 95, కాటా ప్రకారం 88.5. ఆరున్నర కిలోలు లేనేలేవు. అంతకంటే చెడ్డది ఇంకోటి ఉంది: ఎడమ చేతి వైపు 18.6, కుడి వైపు 18.9 పెట్టి రెండు వారాలు వంకరగా ఎత్తాను. ప్లేట్లు కొన్న రోజే కాటా వేయించండి. ప్రతి ప్లేటు మీదా అసలు బరువు పెయింటుతో రాయండి.

రాడ్డు కోసం వెల్డింగ్ షాపు బాబాయ్ దగ్గరికి వెళ్తే వంగినదాన్ని వేళ్లతో మీటి చూశాడు.

"ఇది కర్టెన్ రాడ్డుకు పెద్దన్న అబ్బాయ్. లోపలంతా బోలు. కోడి రామ్మూర్తి గారిలా అవుదామనుకునేవాడివి గట్టి కమ్మీ వేయించుకోవాలి కదా. లేత్ షాపులో షాఫ్టులకు వాడే ఈఎన్8 ఉక్కు అడుగు."

అడిగాను. 28 మిల్లీమీటర్ల ఈఎన్8 గుండ్రటి రాడ్డు, 2 మీటర్లు. మీటరుకు 4.84 కిలోలు, అంటే 9.7 దాకా. ప్లేట్లు లోపలికి జారకుండా రెండు వైపులా చిన్న కాలర్లు వేయించాం, అవి 300 గ్రాములు. కలిపి కాటా మీద సరిగ్గా 10 కిలోలు వచ్చింది. ఇది అనుకోకుండా కలిసొచ్చింది, లెక్కలన్నీ సులువయ్యాయి. ఖర్చు రూ. 1,650.

ఒలింపిక్ రాడ్డు కొందామనుకునేవాళ్లకు ఒక మాట. దాని చివరలు 50 మిల్లీమీటర్ల లావు ఉంటాయి. ఇళ్లలో వాడే ప్లేట్ల రంధ్రం 30 దగ్గర ఉంటుంది. ఒకదానికి ఒకటి పట్టవు. ముందు రాడ్డు తేల్చుకుని, ఆ తర్వాతే ప్లేట్లు కొనండి.

నడుస్తున్న మొత్తం: రూ. 12,650.

దశ 1: మొదటి మూడు వారాలు, తప్పు పద్ధతి

ఫోన్‌కు వచ్చిన ఒక పట్టిక పట్టుకుని మొదలుపెట్టాను. అందులో "5 సెట్లు, 5 రెప్స్" (ఒక్కో సెట్టులో 5 సార్లు ఎత్తడం) అని మాత్రమే ఉంది. అయిదు సెట్లూ ఒకే బరువుతో చేశాను. స్క్వాట్ 60, బెంచ్ 40, డెడ్‌లిఫ్ట్ 70. మధ్యలో ఒక నిమిషం విశ్రాంతి.

ఒక రోజు మొత్తం, అచ్చు అంకెల ప్రకారం:
స్క్వాట్ 25 × 60 = 1,500
బెంచ్ 25 × 40 = 1,000
డెడ్‌లిఫ్ట్ 25 × 70 = 1,750
కలిపి 4,250 కిలోలు.

మొదటి వారం అయింది. రెండో వారం రాడ్డు వంగింది. కొత్త రాడ్డు వచ్చాక మూడో వారంలో ప్రతి రోజూ 62.5కి, 65కి పెంచబోయాను. బుధవారం స్క్వాట్ 5, 5, 4, 3, 2. శుక్రవారం 5, 4, 3, ఆపేశాను. రాత్రిళ్లు నిద్ర పట్టలేదు. ఎడమ మోకాలి కింద మెట్లు దిగేటప్పుడు నొప్పి. బరువు చూస్తే 66.1. తిండి పెంచకుండా పని పెంచాను, ఒళ్లు తనను తానే తినేసింది.

ఎముకల డాక్టరు గారు పరీక్షించి లిగమెంటు దెబ్బతినలేదన్నారు. కొన్ని రోజులు బరువు ముట్టుకోవద్దన్నారు. ఆ రోజులన్నీ టెన్షన్‌గానే ఉన్నాను. పార్క్‌కు మోకాలు పోయి ఆట ఆగిపోయింది, ఆయన బరువుల్లోకి వచ్చారు. నాకు బరువులే మోకాలు పోగొడతాయేమోనని భయమేసింది. అప్పుడే కూర్చుని ఆయన రాసింది మళ్లీ చదివాను, ఈసారి పట్టిక కాకుండా కింద ఉన్న వివరణ.

దశ 2: నాలుగో వారం, విప్పి మళ్లీ కట్టడం

వివరణలో దొరికిన విషయం ఒక్కటే, కానీ మొత్తం దానిమీదే నిలబడి ఉంది. అయిదు సెట్లలో మొదటి రెండూ ఒళ్లు వేడెక్కడానికి. పై బరువు మోసేది చివరి మూడు సెట్లే. ఆ మూడింటి మధ్య 3 నుంచి 5 నిమిషాలు విశ్రాంతి. మూడింట్లోనూ అయిదుకు అయిదు వస్తేనే బరువు పెంచాలి.

నేను వేసుకున్న లెక్క:
1. పై బరువులో సుమారు 60 శాతం: 5 సార్లు
2. సుమారు 80 శాతం: 5 సార్లు
3, 4, 5. పై బరువు: 5 సార్లు చొప్పున
6. చివరి మూడు సెట్లలో మొత్తం 15 వస్తే తర్వాతి రోజు 2.5 కిలోలు పెంచాలి. 14 వచ్చినా పెంచకూడదు.

రెండు పద్ధతులకూ పేరు "5×5" అనే. మొదటిది మూడు వారాల్లో నన్ను మంచం పట్టించింది. రెండోది పది వారాలు నడిచింది.

ఇక ఫోన్ పక్కన పెట్టి స్క్వాట్ వీడియో తీయించాను. ఆగి ఆగి చూస్తే తొడ నేలకు సమానంగా కూడా దిగడం లేదు. తుంటి మడత మోకాలి కంటే 11 సెం.మీ. పైనే ఉండిపోయింది. అంటే నేను 60 కిలోలతో చేశాననుకున్నది సగం స్క్వాట్. వెనక నాలుగు ఇటుకలు పేర్చి పైన పీట వేశాం. ఇటుక ఒక్కోటి 7.5, పీట 6, మొత్తం 36 సెం.మీ. పిరుదులు పీటకు తగిలితేనే లెక్క. అలా చేస్తే 60 రెండుసార్లు కూడా లేవలేదు. 45కి దిగాను. రాసుకోవడానికి మనసొప్పలేదు, అయినా రాశాను.

మేనల్లుడు అడిగాడు: "మావయ్యా, 60 నుంచి 45కి వస్తే వెనక్కి వెళ్లినట్టే కదా?"

"ఆ 60 మనది కాదురా. ఇదే మొదటి రోజు అనుకో."

స్టాండ్లలో రెండు తప్పులు. కొక్కేలు 142 సెం.మీ. ఎత్తులో పెట్టించాను. అలసిపోయాక రాడ్డు తిరిగి పెట్టాలంటే మునివేళ్ల మీద లేవాల్సి వచ్చేది. 132కి దింపించాను. భుజం కంటే ఒక జానెడు కిందుగా ఉండకపోయినా నాలుగైదు వేళ్లు కిందుగా ఉండాలి. రెండోది, స్టాండ్లు విడిగా ఉండడం. ఒకసారి రాడ్డు పెట్టేటప్పుడు కుడి స్టాండు వెనక్కి ఒరిగింది. మేనల్లుడు పట్టుకోబట్టి సరిపోయింది. కింద 4 అడుగుల అడ్డపైపు వేసి రెండింటినీ కలిపించాను. బెంచీ మీద రాడ్డు మీద పడకుండా ఆపే చేతులు కూడా వేయించాను. రూ. 1,900.

మూతపడిన ఒక జిమ్ సామాను అమ్ముతున్నారని తెలిసి పాత ఇనుప ప్లేట్లు తెచ్చుకున్నాం, కిలో రూ. 85 లెక్కన 100 కిలోలు: 15వి 2, 10వి 4, 5వి 4, రెండున్నరలు 2, 1.25వి 4. ఇవి కూడా కాటా వేశాం. 10 కిలోలవాటిలో ఒకటి 10.2, మిగిలినవి 50 గ్రాముల తేడాలోనే ఉన్నాయి. రూ. 8,500.

నడుస్తున్న మొత్తం: రూ. 23,050.

దశ 3: అయిదు నుంచి ఎనిమిదో వారం

మళ్లీ మొదటి రోజు:
స్క్వాట్: 27.5, 35, 45, 45, 45. మొత్తం 987.5 కిలోలు
బెంచ్: 25, 32.5, 40, 40, 40. మొత్తం 887.5
డెడ్‌లిఫ్ట్: 35, 47.5, 60, 60, 60. మొత్తం 1,312.5
ఆ రోజు 3,187.5 కిలోలు. పాత పద్ధతి కంటే వెయ్యి కిలోలు తక్కువ. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను.

ఇక్కడ ఒక్కో సమస్యా రాస్తున్నాను.

నడుము లేపడానికి ప్రత్యేకమైన బెంచీ లేదు. మా బెంచీ ఎత్తు 43 సెం.మీ., బోర్లా పడుకుని వంగితే తల నేలకు తగిలేది. కింద నాలుగు 8 అంగుళాల సిమెంటు దిమ్మెలు పెట్టి ఎత్తాం. మేనల్లుడు పిక్కల మీద కూర్చుంటాడు. ఈ పదేసి మూడుసార్లు చాలా తేలిగ్గా కనిపిస్తుంది, అందుకే రెండు రోజులు మానేశాను. ఆ రెండు రోజులూ డెడ్‌లిఫ్ట్‌లో నడుము పట్టేసింది. మానొద్దు.

డెడ్‌లిఫ్ట్‌కు నేల. మా షెడ్డు గచ్చు తూము వైపు వాలు ఉంటుంది. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో చూస్తే 2 మీటర్లకు ఒకటిన్నర సెంటీమీటరు. రాడ్డు నా వైపు దొర్లి ముంగాళ్లను గీరేది. పైగా మా 15 కిలోల ప్లేటు వ్యాసం 34 సెం.మీ. మాత్రమే. పోటీల్లో వాడే పెద్ద ప్లేట్లు 45. అంటే మా రాడ్డు నేలకు 17 సెం.మీ. ఎత్తులో ఉంటే, వాళ్లది 22.5. ఆ అయిదున్నర సెంటీమీటర్ల కోసం నేను వీపు గుండ్రంగా వంచుతున్నాను. రెండు చెక్క పలకలు తెచ్చి ప్లేట్ల కింద పెట్టాం. వాలు వైపు రైసుమిల్లు పాత బెల్టు ముక్కలు దూర్చి సమం చేశాం. రాడ్డు దొర్లడం ఆగింది. వీపు నిటారుగా వచ్చింది. పలకలు, బెల్టు రూ. 900.

చెమట. శ్రావణంలో షెడ్డులో గోడలకు కూడా చెమట పడుతుంది. 75 కిలోల దగ్గర మూడో రెప్‌కే పట్టు జారింది. చేతికి టాల్కం పౌడరు రాసుకున్నాను, ఇంకా జారింది. పౌడరు నున్నగా చేస్తుంది, పట్టు ఇవ్వదు. మెగ్నీషియం కార్బొనేట్ దిమ్మె తెప్పించాను, రూ. 200. ఆ రోజే 5, 5, 5.

తుప్పు. పది రోజుల్లో రాడ్డు మీద ఎర్రటి మచ్చలు వచ్చాయి. కొబ్బరినూనె రాస్తే జిడ్డు చేరి పట్టు పోయింది. ఇప్పుడు ఆదివారం ఇత్తడి బ్రష్‌తో రుద్ది, కుట్టు మిషను నూనె రెండు చుక్కలు గుడ్డకు వేసి తుడిచి, మళ్లీ పొడి గుడ్డతో తుడుస్తాను. మచ్చ రాలేదు.

తిండి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పార్క్ ఎదిగిన కాలంలో బ్రిటన్‌లో తిండికి రేషన్ ఉండేది. మాంసం, వెన్న, జున్ను, చక్కెర అన్నీ కొలతే. యుద్ధంలో కూడా రేషన్ లేని బ్రెడ్డుకు 1946 నుంచి 1948 దాకా రేషన్ పెట్టారు. మాంసం రేషన్ ఎత్తేసింది 1954 జులైలో. అంటే ఆయన మిస్టర్ బ్రిటన్, మొదటి మిస్టర్ యూనివర్స్ రెండూ రేషన్ కార్డు రోజుల్లోనే గెలిచారు. నాకు దొరకనిదేమీ లేదు, నేను తినడం లేదంతే. అయిదో వారం నుంచి మామూలు అన్నం, పప్పు, కూర మీద ఇవి కలిపాను: గుడ్లు 4, పాలు అర లీటరు, ఎండు శనగలు 50 గ్రాములు నానబెట్టి ఉడికించినవి. వీటి నుంచే సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు. డబ్బాల్లో అమ్మే పొడులు కొనలేదు. ఎనిమిదో వారం చివర బరువు 68.3.

నడుస్తున్న మొత్తం: రూ. 24,150.

దశ 4: తొమ్మిది నుంచి పదకొండో వారం, బెంచ్ ఆగిపోయింది

స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ మెల్లగా పెరుగుతూనే ఉన్నాయి. బెంచ్ మాత్రం 50 దగ్గర నిలబడిపోయింది.

సోమవారం: 5, 4, 3
బుధవారం: 5, 4, 4
శుక్రవారం: 5, 3, 3

శుక్రవారం చివరి సెట్టులో మేనల్లుడు ఇంట్లోకి వెళ్లాడు. నేను ఆగకుండా నాలుగో రెప్‌కు దింపాను. లేవలేదు. రాడ్డు ఛాతీ మీదే ఉండిపోయింది. బెంచీ పక్కన ఆపే చేతులు ఉన్నాయి కానీ ఒక రంధ్రం కిందికి పెట్టాను, రాడ్డు వాటికి ఆనే లోపే నా మీద ఆనింది. పిలిస్తే వాడు పరిగెత్తుకొచ్చి ఎత్తాడు. ఛాతీ మీద ఎర్రటి చార వారం రోజులు ఉంది. ఆ రాత్రి మా ఆవిడ నోటు పుస్తకంలో ఎర్ర పెన్నుతో రాసింది: "ఒక్కడివే ఉంటే బెంచ్ లేదు." ఆ వాక్యం ఇప్పటికీ మొదటి పేజీలో ఉంది, దాన్ని దాటలేదు.

మార్చినవి, వరసగా, ఒక్కోసారి ఒక్కటే:
1. ఆపే చేతులు పైకి. ఖాళీ రాడ్డుతో పడుకుని, ఛాతీ నింపి ఊపిరి పీలిస్తే రాడ్డు వాటికంటే 2 సెం.మీ. పైన ఉండాలి. ఊపిరి వదిలి ఛాతీ దింపితే రాడ్డు వాటి మీద ఆగాలి.
2. విశ్రాంతి. గడియారం పెట్టి చూస్తే నేను మూడు నిమిషాలనుకుంటున్నది రెండే. నాలుగు నిమిషాలకు అలారం పెట్టాను. మరుసటి రోజే 5, 5, 4.
3. పెంపు. 50 మోసేవాడికి 2.5 కిలోలంటే 5 శాతం. పార్క్ 1954లో 500 పౌండ్లు, అంటే దాదాపు 227 కిలోలు బెంచ్ ప్రెస్ చేశారు. కెనడాకు చెందిన డగ్ హెప్‌బర్న్ తర్వాత ఆ బరువు ఎత్తిన రెండో మనిషి ఆయన. ఆ బరువు దగ్గర రెండున్నర కిలోలంటే ఒక శాతం. నాకు ఇంకా చిన్న మెట్టు కావాలి.

చిన్న ప్లేట్లు లేత్ షాపులో కోయించాను. కావాల్సినవాళ్లకు కొలత: 10 మిల్లీమీటర్ల మందం ఇనుప రేకు, వ్యాసం 145 మిల్లీమీటర్లు, మధ్య రంధ్రం 30. ఇది 1.24 కిలోలు వస్తుంది. అలా రెండు, అర కిలోవి రెండు. నాలుగూ కలిపి రూ. 500. 50 నుంచి 51కి, అక్కడి నుంచి 52.5కి వెళ్లాను. పదకొండో వారం చివర 51 మీద 5, 5, 5 రాసుకున్న రోజు స్క్వాట్ 72.5 వచ్చిన రోజు కంటే ఎక్కువ సంతోషపడ్డాను.

పాత సిమెంటు ప్లేట్లు అసలు బరువు చెప్పే అమ్మాను. రూ. 1,500 వచ్చింది.

నడుస్తున్న మొత్తం: 24,150 + 500 − 1,500 = రూ. 23,150.

దశ 5: పన్నెండు నుంచి పద్నాలుగో వారం

అయిదో వారం నుంచి 30 రోజులు చేయాలి. 27 చేశాను. జ్వరం రెండు రోజులు, పెళ్లి ఒక రోజు.

చివరి శుక్రవారం:
స్క్వాట్: 50, 65, 82.5, 82.5, 82.5. మొత్తం 1,812.5 కిలోలు
బెంచ్: 32.5, 42.5, 52.5, 52.5, 52.5. మొత్తం 1,162.5
డెడ్‌లిఫ్ట్: 62.5, 82.5, 102.5, 102.5, 102.5. మొత్తం 2,262.5
ఆ రోజు 5,237.5 కిలోలు. పాత తప్పు పద్ధతి రోజు కంటే వెయ్యి కిలోలు ఎక్కువ. మోకాలి నొప్పి లేదు. 27 రోజులకు కలిపి సుమారు 1,13,000 కిలోలు.

కొలతలు: బరువు 70.2, నడుము 87, జబ్బ 33, తొడ 55.

నడుము ఒక సెంటీమీటరు పెరిగింది, దాచను. స్క్వాట్‌లో పీట తీసేసి వీడియో తీస్తే తుంటి మడత మోకాలి కంటే 2 సెం.మీ. కిందికి వెళ్తోంది. ఈ 14 వారాల్లో ఎవరైనా ఒక్క కొలతే చూపించమంటే ఇదే చూపిస్తాను.

బెంచ్ మాత్రం పార్క్ బరువులో నాలుగో వంతు కూడా కాదు. ఆయన ఆ 500 పౌండ్లు ఎత్తేనాటికి 25, 26 ఏళ్లవాడు. 42 ఏళ్ల వయసులో, 1970లో, ఆయన లండన్ వేదిక మీద రెండో స్థానంలో నిలిచారు. మొదటి స్థానం ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్‌ది. చిన్నప్పుడు ఆస్ట్రియాలో పత్రికల్లో పార్క్ బొమ్మ చూసి, ఆయనలా అవ్వాలని బరువులు పట్టిన కుర్రాడే అతను. అప్పటికి పార్క్ ఇటలీ సినిమాల్లో హెర్క్యులిస్ వేషం వేసి, దక్షిణాఫ్రికాలోని జొహన్నెస్‌బర్గ్‌లో స్థిరపడి జిమ్‌లు నడుపుతున్నారు. ఆర్నాల్డ్ అక్కడ పార్క్ ఇంటికి వెళ్లి ఉన్నప్పుడు ఆయన పిక్కల కోసం ఒకేసారి 1,000 పౌండ్లు ఎత్తడం చూశాడు. తనేమో అప్పటిదాకా అందులో సగంతో సరిపెట్టుకుంటున్నాడు. ఆ తర్వాత అతనూ బరువు పెంచాడు.

దశ 6: సోమవారం నుంచి

పార్క్ పద్ధతి రెండో దశలో ఫ్రంట్ స్క్వాట్ (రాడ్డు భుజాల ముందు వైపు పెట్టుకుని చేసే స్క్వాట్), నిలబడి భుజాల ప్రెస్, హై పుల్ (రాడ్డును ఛాతీ దాకా పైకి లాగడం), 25 చొప్పున 5 సెట్లు పిక్కల కసరత్తు కలుస్తాయి. సెట్ల మధ్య విశ్రాంతి రెండు నిమిషాలకు తగ్గుతుంది.

ఖాళీ రాడ్డుతో ఫ్రంట్ స్క్వాట్ చేసి చూశాను. మణికట్టు వెనక్కి వంగడం లేదు, మోచేతులు కిందికి పడిపోతున్నాయి. రాడ్డుకు రెండు తువ్వాళ్లు చుట్టి, వాటి కొసలు పట్టుకుంటే మోచేతులు నిలబడ్డాయి. ఈ వారం అలాగే, 30 కిలోలతో. పిక్కల కోసం బెల్టు ముక్కలు మూడు పేర్చి 5 సెం.మీ. మెట్టు కట్టాను, 40 కిలోలు పెట్టి 25 చేశాను. ఇరవయ్యోదానికి పిక్కలు మండిపోయాయి, మిగిలిన అయిదూ గోడ పట్టుకుని చేశాను. గోడ పట్టుకున్నవి లెక్కలో రాయలేదు.

మేనల్లుడు సోమవారం నుంచి తన పేరుతో ఇంకో నోటు పుస్తకం తెరుస్తానన్నాడు. వాడి మొదటి వీడియో తీసి చూశాం. తుంటి మడత మోకాలి కంటే 9 సెం.మీ. పైన ఉంది. ఇటుకలు, పీట మళ్లీ బయటికి తీశాం. ఖాళీ రాడ్డు, 10 కిలోలు.